వాన మీద వేయని తప్పు

రేకు మీద చినుకు పడితే చాలు, నా కుడిచేతి బొటనవేలి గోరు దానంతటదే కదులుతుంది. ఎదురుగా ఏముంటే దాని అంచు వెంబడి పోతుంది. ఈ పొద్దు మధ్యాహ్నం కూడా అట్లే అయింది. అనంతపురం బయట, పగిలిన నీళ్ల ట్యాంకులకు అతుకులు వేసే షెడ్డులో నేను పనిచేస్తాను. డబ్బాలో రెజిన్ జిగురు కలుపుతా ఉంటే వాన మొదలైంది. బయట ఎర్రమట్టి తడిసిన వాసన, లోపల రెజిన్ ఘాటు. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలితే నాకు గంగన్న మేస్త్రి వస్తాడు. వద్దన్నా వస్తాడు. ఆయన పోయి నాలుగేండ్లయింది, ఆయన మీద నా కోపం మాత్రం పోలేదు.

ఆయన్ను మీరు చూసిండరు గనక చెప్తాను. వడ్రంగి. సన్నగా, పొడుగ్గా, చిత్రిక పట్టిన వాసం మాదిరి ఉండేవాడు. చిన్న వయసులో బెంగుళూరు పోయి, చిన్న విమానాలకు ముందర గిర్రున తిరిగే చెక్క రెక్కలు చేసేచోట ముప్పై ఏండ్లు పనిచేసి, ముసలితనానికి బుక్కరాయసముద్రం తిరిగొచ్చినాడు. ఆ రెక్కను చదువుకున్నోళ్లు ప్రొపెల్లరు అంటారు. మేము పంకా అనేవాళ్లం. అదే కాలంలో మా పక్కన గ్రానైటు ఫ్యాక్టరీ పెట్టి బాగుపడిన ఒకాయనకు విమానం పిచ్చి పట్టింది. సామాన్లు పెట్టెల్లో తెప్పించుకొని, తన చేలోనే షెడ్డు వేసి, ఇద్దరు కూర్చునే విమానం సొంతంగా కట్టుకున్నాడు. ఊరంతా ఆయన్ను విమానం సారు అనేది. పంకా చేసే పని గంగన్న మేస్త్రికి అప్పజెప్పినాడు.

నేను ఐదో తరగతి దాకా చదివి, జాకెట్లు కుట్టుకుంటా బతికేదాన్ని. ఒకరోజు మేస్త్రి చినిగిన చొక్కా తెచ్చిచ్చినాడు. కుట్టిచ్చినాక అందరి మాదిరి వెలుతురుకు పట్టి చూడలేదు. కళ్లు మూసుకొని కుట్టు మీద గోరు పోనిచ్చినాడు.

"యాడ మొదలుపెట్టినావో, యాడ ముగించినావో గోటికి తెలీలేదు. నా దగ్గర పనికొస్తావా ఓబుళమ్మా?"

"ఏం పనన్నా?"

"విమానానికి జాకెట్టు కుట్టల్ల."

నేను నవ్వినాను. ఆయన నవ్వలేదు. మరుసటి సోమవారం నుంచి పనికి పోయినాను. చెక్కను చెక్కి రెక్క ఆకారం తెచ్చేది ఆయన. దాని మీద గాజుబట్టను, అంటే గాజు పోగుతో నేసిన తెల్లబట్టను, ఐమూలగా కత్తిరించి, రెజిన్ పూసి, పొర మీద పొర అంటించేది నేను. పొరల నడుమ గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే, ఎండినంకైనా సరే, మొత్తం పీకి మళ్లీ వేయించేవాడు. మొదటి నెలలో ఒకే రెక్కకు మూడుసార్లు వేసినాను. మూడోసారి నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్చి పూయి, ఏం పర్వాలేదు. కన్నీళ్లు మాత్రం రెజిన్లో పడగూడదు," అన్నాడు. "అతుకులో గాలుంటే మాటలో అబద్ధమున్నట్టు. ఈ పొద్దు కనపడదు, ఎప్పుడో ఒగప్పుడు పైకి లేస్తాది."

ఆ మాట ఎవరు చెప్పినారో గుర్తుపెట్టుకోండి.

ఇంకొక సంగతి. ఒక సాయంత్రం కత్తిరించి పెట్టిన గాజుబట్ట బయట మంచం మీద ఉంది. ఉన్నట్టుండి నాలుగు చినుకులు పడినాయి. నేను పరిగెత్తుతా, "పాడు వాన! ఇప్పుడే రావల్లనా!" అన్నాను. మేస్త్రి చేతిలో చిత్రిక కింద పెట్టినాడు. బట్ట వైపు చూడనుగూడా లేదు. చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చినాడు.

"నేల మీద పొయ్యి. తప్పయింది తల్లీ అను."

"ఏందన్నా ఇది?"

"ఈడ వాన కోసరం గాడిదలకు పెండ్లి చేస్తాము. రోట్లో కప్పను పెట్టి ఊరేగిస్తాము. నువ్వు పాడు వానంటావా? వానను తప్పుపట్టిన నోట్లో మన్ను పడ్తాది. పొయ్యి!"

పోసినాను. అన్నాను. ఆ బట్ట పనికిరాకుండా పోయింది. దాని గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

విమానం ఎగిరింది. మా పంకా గాలిని కోసే చప్పుడు, కొత్త చీర చింపినట్టు ఉండేది. విమానం సారు గోరంట్ల పక్కకు పోయొచ్చి, పైనుంచి అన్నీ ఎండిపోయిన చెరువులే అని చెప్పేవాడు. ఆ ఏడు ఆషాఢంలో ఒకసారి సన్న తుంపర్లో ఎగిరి దిగినాడు. మరుసటి పొద్దున మేస్త్రి పంకా అంచు మీద గోరు పోనిచ్చి, కొన దగ్గర ఆగిపోయినాడు. నన్ను పిలిచి, నా బొటనవేలు పట్టి అక్కడ పెట్టినాడు. నున్నగా ఉండాల్సిన అంచు వేరుశనగ తొక్కు మాదిరి గుంటలు గుంటలుగా ఉంది. రంగు లేచిపోయి నా గాజుబట్ట పోగులు బయటపడినాయి.

"ఏమైందన్నా?"

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించినాడు. "చినుకు. మనమీద పడితే చినుకే. పంకా అంత వేగంగా పోయి దాన్ని గుద్దుకుంటే మాత్రం రాయి. అంచును కొరికేస్తాది."

"మరి సారుకు చెప్పల్ల గదా."

"చెప్తా."

చెప్పినాడు. నేను అక్కడే ఉన్నాను. గుంటల్లో లప్పం నింపి, పైన రంగు వేసినాక, విమానం సారుతో అన్న మాట ఇది: "మబ్బు పట్టినప్పుడు గాలి మంచిది కాదు సారూ. ఎగరొద్దండి." వాన అనే మాట నోట్లోంచి రాలేదు. గాలి అన్నాడు. సారు సరేనన్నాడు. నేను మేస్త్రి మొహం వైపు చూసినాను. ఆయన పంకా వైపు చూసినాడు.

రెండేండ్లు కరువు చూసిన మాకు ఆ శ్రావణంలో నిజమైన వాన వచ్చింది. విత్తనం వేసి ఆకాశం వైపు చూస్తా కూర్చున్న జనం చేలల్లోకి పరిగెత్తినారు. ముసలోళ్లు అరచేతులు చాపి నిలబడినారు. గొడుగు తెరిచినోడు ఒక్కడు లేడు. విమానం సారు తడుస్తా, నవ్వుతా షెడ్డుకొచ్చినాడు.

"మేస్త్రీ, గాలుండాదా?"

మేస్త్రి వేలు తడిచేసి పైకెత్తలేదు, అదెట్లాగూ తడిసే ఉంది. చెట్ల వైపు చూసినాడు. ఆకు కదలడంలేదు, వాన నిలువుగా పడుతోంది.

"గాలి లేదు సారూ."

అది నిజం. అంత నిజంగా చెప్పిన అబద్ధం నేను మళ్లీ వినలేదు. నేను నోరు తెరవబోయినాను. చెంబు నీళ్లు గుర్తుకొచ్చినాయి. మూసుకున్నాను. అది నా తప్పే, నేను కాదనను.

విమానం లేచింది. చేలల్లో జనం కేకలు పెట్టినారు. వానను మోసుకొచ్చిన విమానమని పిల్లోళ్లు ఎగిరినారు. కాసేపటికి చీర చింపే చప్పుడు మారింది. ఎత్తుపల్లాల రోడ్డు మీద ఖాళీ ఎద్దులబండి పోయినట్టు దడదడమంది. తర్వాత చప్పుడే ఆగిపోయింది. విమానం వేరుశనగ చేలో దిగి, చక్రం విరిగి, ఒక పక్కకు ఒరిగింది. సారుకు భుజం విరిగింది. ప్రాణం దక్కింది, అంతవరకు మేలు.

పక్షం దినాల తర్వాత కట్టు కట్టిన చెయ్యితో ఆయన షెడ్డుకొచ్చినాడు. వెంబడి పదిమంది. బల్ల మీద విరిగిన పంకా. సారు మంచోడే, గట్టిగా అడగలేదు.

"మేస్త్రీ, ఎందుకట్లా ఊగిపోయింది? వానకేమన్నా అయిందా?"

జవాబు ఆయనే చేతికందించినాడు. మేస్త్రి ఊ అంటే చాలు. వెనకనుంచి ఎవరో నవ్వినారు. "ఏమప్పా, మన అనంతపురంలో వానకు ఒక వస్తువు అరిగిందంటే పేపర్లో వేయల్ల!" అందరూ నవ్వినారు.

మేస్త్రి తల ఎత్తలేదు. "వానేం చేస్తాది సారూ. వాన తల్లి. అంచు కాడ బట్ట సరిగ్గా అంటలేదు. ఆ పని ఓబుళమ్మది."

వానను తిట్టలేక నన్ను తిట్టినాడు. ఎప్పుడో ఆషాఢంలోనే చెప్పాల్సింది చెప్పలేదని ఒప్పుకోలేక నా చేతులు చూపించినాడు. ఆ పొద్దే నన్ను పని మానిపించినారు. కొళాయి దగ్గర ఆడోళ్లు నాకు కొత్త పేరు పెట్టినారు. "విమానం పడగొట్టినామె వచ్చింది, జరగండే, బిందె మీద చెయ్యి పెడితే అది కూడా పగుల్తాది!" నేనూ నవ్వినాను. నవ్వకపోతే నీళ్లు పట్టుకొని ఇంటికి రాలేను. జాకెట్లు కుట్టించుకునేటోళ్లు కూడా ఇంకో వీధి చూసుకున్నారు.

నెల రోజులకు, చేలో మట్టి కింద దొరికిన రెక్క కొన ముక్కను కొంగులో చుట్టుకొని మేస్త్రి ఇంటికి పోయినాను. అరుగు మీద ఒక్కడే ఉన్నాడు. ముక్క ఆయన ఒడిలో పెట్టినాను. "గోరు పోనియ్యన్నా," అన్నాను.

కళ్లు మూసుకున్నాడు. అంచు అంతా ఎలుకలు కొరికినట్టు ఉంది. అక్కడినుంచి లోపలికి వచ్చినాడు. పొర పొరనూ తడిమినాడు. చాలాసేపు.

"నీ అతుకు విడలేదు ఓబుళమ్మా. చెక్క పగిలింది గానీ నీ అతుకు విడలేదు."

"ఆ మాట అందరి ముందర చెప్పు."

"అందరి ముందర వానను తప్పుపట్టమంటావా?"

"నన్ను తప్పుపట్టినావు గదన్నా. నేను వానను కాదు, నన్నంటే కరువు రాదనే గదా!"

ఆయన ముక్కను నా చేతిలో పెట్టి లోపలికి పోయినాడు. మళ్లీ మేము మాట్లాడుకోలేదు. ఆయన పోయిన రోజు నేను పోయినాను, దూరంగా నిలబడినాను. ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి, ఆ పొద్దు కుట్టాల్సిన దిండు గలీబు అంచు మీద గోరు పోనిచ్చుకుంటా కూర్చున్నాను.

ఇప్పటికీ ట్యాంకుకు అతుకు వేస్తే కళ్లు మూసుకొని చూసేది ఆయన నేర్పినట్టే. బుడగ కనపడితే పీకేసేది ఆయన నేర్పినట్టే. ఈ షెడ్డు ఓనరు, నేను వేసిన అతుకు మళ్లీ కారుతుందని ఎవరూ రాలేదంటాడు. ఆ మెప్పు వినేటప్పుడు నాకు గంగన్న మేస్త్రి గొంతే వినపడుతుంది, అరుగు మీద, ఎవరూ లేనప్పుడు. ఇన్నేండ్లలో ఎవరడిగినా పంకా ఎందుకు విరిగిందో నేను చెప్పలేదు. చెప్పబోతే చెంబు నీళ్లు గుర్తొస్తాయి, నాలుక మడతపడుతుంది. ఆయన నేర్పినవాటిలో అది కూడా నాకు బాగానే అంటింది.

రేకు మీద వాన ఇంకా పడుతోంది. పడనీ, చేలకు కావల్ల. నోటితో అనగూడదు గదా, అందుకే కాగితం మీద పెడుతున్నాను: ఆ పొద్దు తప్పు వానది. అతుకు నాది, అది విడలేదు.