రాయనియ్యని ఆనర్సు

గిద్దలూరు తాలూకాలో మేకలు కాచుకునే ఇంట్లోంచి బీయెస్సీ ఆనర్సు దాకా వెళ్ళినవాడు ఆదినారాయణ. ఆ రోజుల్లో ఆనర్సంటే మద్రాసుకు పోవాలి, మూడేళ్ళు చదవాలి, ఆఖర్న పరీక్ష ఒకేసారి రాయాలి. తప్పితే మళ్ళీ రాయనివ్వరు. అతను తీసుకున్నది వృక్షశాస్త్రం.

ఊళ్ళో మందను చూసేది అక్క ఆదెమ్మ. భర్త చనిపోయాక పుట్టింటికి వచ్చేసింది. అప్పటికే తండ్రి మాలకొండయ్యకు చూపు సరిగా ఆనడం లేదు. "మేకల సంగతి నాకొదులు, నువ్వు చదువుకోపో" అని తమ్ముడిని కంభం హైస్కూలుకు, అక్కడి నుంచి కర్నూలుకు, మద్రాసుకు పంపింది ఆమే.

మద్రాసులో మొదటి ఏడాది, అతనిది మేకలవాళ్ళ ఇల్లని తెలిసి ఒకడు హాస్టలు వరండాలో "మే" అని అరిచాడు. ఆదినారాయణ వాడి చొక్కా కాలరు పట్టుకుని గోడకు ఆనించాడు. తర్వాత ఎవరూ ఎదుట అరవలేదు. కానీ క్లాసులో ప్రొఫెసరు "అడవికి మేకను మించిన శత్రువు లేదు" అని చెప్పినప్పుడల్లా వెనక బెంచీల్లో నవ్వు వినబడేది. అతను పళ్ళు కొరుక్కుంటూ ఆ మాటే రాసుకునేవాడు. కాలేజీలో పెట్టే చిన్న పరీక్షల్లోనూ రాసేవాడు.

మూడో ఏడు, పందొమ్మిదివందల ముప్పయ్యేడులో, మాఘమాసం దాటాక ప్రొఫెసరు క్లాసును నల్లమలకు తీసుకుపోయాడు. రైలు దిగువమెట్టలో ఆగింది. ఆదినారాయణ ఊరు అక్కడికి దగ్గరే. రేంజరు అందరికీ అడవి బంగళాలో బస, భోజనం ఏర్పాటు చేశాడు. రెండో రోజు పొద్దున కొండవాలుకు నడిచారు. వాలు ఒకవైపు, సర్కారు కట్టె కొట్టించే కూపులో చెట్లన్నీ నరికేసి ఉన్నాయి. మోళ్ళ పక్కన, రైలింజన్లకు పోవలసిన కట్టెలు పేర్చి ఉన్నాయి. ప్రొఫెసరు అటు చూడకుండా, ఇంకోవైపు మేకలు కొరికేసిన పొదల దగ్గర ఆగి పాఠం మొదలుపెట్టాడు.

అప్పుడే ఇద్దరు గార్డులు ఒక ఆడమనిషిని, ఆమె మేకల మందను తోలుకొచ్చారు.

"సమయానికి దొరికింది. ఇదిగోండి సార్ మీ పాఠానికి సాక్ష్యం" అని రేంజరు నవ్వాడు.

ఆమె ఆదెమ్మ. తమ్ముడిని చూసింది. చూసి, ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు మొహం తిప్పుకుంది. దోటికర్ర పట్టుకుని, తల వంచుకుని నిలబడింది. గార్డులు పట్టుకున్నారన్నదానికంటే ఆ మొహం తిప్పుకోవడమే ఆదినారాయణకు ఒళ్ళు మండించింది.

"అక్కా!" అన్నాడు అందరికీ వినబడేలా.

రేంజరు తిరిగి చూశాడు. "మీ అక్కా? అయితే నీ చదువేదో కొంచెం ఆమెకూ చెప్పవయ్యా."

"చెప్తా. ముందు మీరు చెప్పండి. ఆ మోళ్ళను మేకలు రంపం పెట్టి కోసినాయా?"

విద్యార్థులెవరూ నవ్వలేదు. ప్రొఫెసరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆదినారాయణా, అది సర్కారు కూపు. మోడు మళ్ళీ చిగురిస్తుంది. ఆ చిగురును మేక తింటే చెట్టు లేవదు. ఈ సంగతి నీకు తెలుసు."

తెలుసు. అది నిజం కూడా. అందుకే అతని గొంతు ఇంకా లేచింది. "మా ఊరి బీడంతా రిజర్వు అడవిలో కలిపేసుకున్నారు సార్. ఆ హద్దురాళ్ళు మా నాయనకు బుద్ధి తెలిసినంక పాతినవే. బయట గడ్డి పరకంత లేదు. మేక యాడ తినాల? మీ పుస్తకంలో అది యాడ రాసినారు?"

"చాలించు" అన్నాడు ప్రొఫెసరు.

రేంజరు మొహం గట్టిపడింది. మందను బందెలదొడ్డికి తోలమని గార్డులకు చెప్పాడు. ఆదినారాయణను ఆ పూటే వెనక్కి పొమ్మన్నాడు ప్రొఫెసరు. రేంజరుకు క్షమాపణ రాసిస్తేనే అతని ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం చేస్తానన్నాడు. సంతకం లేని రికార్డుతో పరీక్షకు కూర్చోనివ్వరు.

ఆదినారాయణ మద్రాసు రైలెక్కలేదు, ఇంటికి పోయాడు. ఆదెమ్మ గడపలోనే పట్టుకుంది.

"ఎందుకు పిలిచినావురా నన్ను? నేను ఎరగనట్ల పోతాంటి గదా! మేపినందుకు పుల్లరి కట్టించుకొని ఇడిసిపెట్టేవాడు. ఎప్పుడూ అంతే."

"నువ్వు నన్ను ఎరగనట్ల నిలబడితే నేను నోరు మూసుకోవాల్నా?"

"మూసుకోవాల! అందుకే గదా నిన్ను అంత దూరం పంపింది. నీ నోటికి నా మంద పాయె."

అతను మర్నాడు గిద్దలూరు వెళ్ళి, మేకల్ని వదిలేట్టయితే క్షమాపణ రాసిస్తానన్నాడు. రేంజరాఫీసు గుమాస్తా తల ఎత్తకుండానే, రేంజరు హుకుంతో అవి నిన్న సాయంత్రమే వేలమైపోయాయని చెప్పాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆదెమ్మ ఖాళీ దొడ్డి వైపు చూసింది.

"అయితే రాయొద్దు" అంది. "మేకలుంటే నేనే నీ చెయ్యి పట్టి రాయించేదాన్ని. ఇప్పుడు దేనికి రాస్తావు? వాళ్ళకు మేకలూ ఇచ్చి, మాట గూడా ఇయ్యాల్నా?"

అతను రాయలేదు. ప్రొఫెసరు సంతకం పెట్టలేదు. ఆనర్సు జాబితాలోంచి పేరు కొట్టేశారు. మరుసటేడు ఉత్త బీయెస్సీ రాసి గట్టెక్కాడు. అడవి శాఖలో వృక్షశాస్త్రం చదివినవాళ్ళను తీసుకుంటున్నారని తెలిసి తండ్రి ఆశపడ్డాడు. "మనోడే రేంజరైతే మన మందను ఎవరు పట్టుకుంటారురా?" ఆదినారాయణ తండ్రి మీద గొంతెత్తి అరిచింది అదొక్కసారే. అరిచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడు.

పొదిలి హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరాడు. ఆదెమ్మ కొన్నేళ్ళు కూలికి పోయి, ఆ తర్వాత మళ్ళీ మంద పెట్టుకుంది. పొదిలి జనానికి అసలు సంగతి తెలియక, పెద్ద చదువు చదివాడన్న గౌరవంతో "ఆనర్సు సారు" అని పిలిచేవారు. అలా పిలిచిన ప్రతివాడినీ, దుకాణం ముందైనా బజారు మధ్యలోనైనా, అతను నిలబెట్టేసేవాడు.

"ఆనర్సు నాకు ల్యా. తప్పినాననుకుంటాండావేమో, తప్పలేదు. రాయనియ్యలేదు. ఎందుకు రాయనియ్యలేదో చెప్తా, కూర్చో."