చెత్త డ్రమ్ములో నంది

ఆ సోడా బండోడి మొహం గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్లు మండుద్ది.

ఎనభైల్లో మాట. మాచర్ల అవతల కృష్ణ ఒడ్డున పార్కులో నాది మిరపకాయ బజ్జీల బండి. గేటుకి ఎదురుగా మంచి జాగా. నా పక్కనే వాడి సోడా బండి. నా జాగా మీద వాడి కన్ను మొదట్నుంచీ ఉంది.

ఆషాఢం వచ్చిందంటే అక్కడ చెత్త డ్రమ్ములు నిలిచేవి కావు. ఖాళీ తారు డ్రమ్ములు గదా, గాలికి దొర్లుకుంటా పోయి నీళ్లలో పడేవి. చెత్తంతా నీళ్ల మీద తేలేది. చూసి చూసి పార్కు సూపర్‌వైజరు మా బళ్లోళ్లకి తలా ఒక డ్రమ్ము అంటగట్టాడు. "ఎవరి డ్రమ్ము నీళ్లలో పడితే వాళ్ల బండి బయటికే," అన్నాడు. గాలేమన్నా నా మొగుడా, నేను ఆగమంటే ఆగడానికి? ఆ మాటకొస్తే మొగుడే ఆగడు!

ఆ బండి పోతే మాకు కూడు లేదు. మా ఆయన దుర్గి పోయి, రాళ్లు చెక్కేవాళ్లు మూల పడేసిన నందినొకదాన్ని అడిగి తెచ్చాడు. చెక్కేటప్పుడే మూతి పగిలిందంట. పగిలింది పూజకి పనికిరాదు, తీసుకుపొమ్మన్నారంట. డ్రమ్ము అడుగున పెట్టాం. ఎంత గాలొచ్చినా అది కదిలితే ఒట్టు.

"నీ డ్రమ్ములో ఏం పెట్టావక్కా?" అని సోడావాడు పళ్లికిలించుకుంటా అడిగాడు. చూపించాను. నా ఖర్మ.

మర్నాడు పొద్దున్నే పోయేసరికి నంది గేటు పక్కన కూర్చోనుంది. పసుపు, కుంకుమ, కర్పూరం, చుట్టూ జనం. పగులు కనపడకుండా మూతికి పసుపు దట్టంగా మెత్తాడు, దొంగ సచ్చినోడు.

"దేవుణ్ణి చెత్తలో పెడతావా అక్కా? కళ్లు పోతాయి," అన్నాడు అందరికీ వినపడేట్టు.

"మూతి పగిలిందిరా దానికి! పగిలినదానికి పూజేంది?" అని అరిచాను. పసుపు గీకి చూపిద్దామని చెయ్యి పెడితే జనం నా మీదకొచ్చారు. ఒక్కళ్లన్నా వింటేగా!

డ్రమ్ములో దొరికిన ఇటుకలు పడేశాను. సాయంత్రం గాలికి ఇటుకలతో సహా పోయి నీళ్లలో పడింది. సూపర్‌వైజరు నా మొహం కూడా చూడలా. బండి తియ్యమన్నాడు.

ఇద్దరం బండి తోసుకుంటా పోతుంటే, గేటు కాడ మా ఆయన ఆగాడు. చెప్పులిడిచి నందికి దణ్ణం పెట్టాడు.

"ఏందయ్యా, నువ్వు గోనెసంచిలో మోసుకొచ్చిన రాయే గదా!"

"అప్పుడు రాయేలేవే. ఎందుకొచ్చిన పాపం, నువ్వూ పెట్టు."

పెట్టలా. ఆయన్ని అక్కడే వదిలేసి బండి నేనొక్కదాన్నే తోశాను. ఇంకా రోడ్డు ఎక్కనేలా, వెనక నా జాగాలో గోలీసోడా కొట్టిన చప్పుడు వినపడింది.