దొర వేషం నాది

పదేళ్లు దాటింది, ఈ మాట నా గొంతు దాటలేదు. వింటే మీరు నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది. అయినా రాస్తుంటే చెమట్లు పడుతున్నాయి.

పెనుకొండ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిందని మా సారు నాటకం వేయించారు. జెండా పట్టుకుని తూటాకు ఎదురు నిలిచే వీరుడు మా క్లాసు ప్రసాదు. వాడి గొంతు అలాంటిది. తెల్లదొర వేషం నాకు. మా అంగడి నీడలో పెరిగిన తెల్లటి ఒళ్లు కదా, పౌడరు ఖర్చు కూడా ఉండేది కాదు.

కానీ నాకు జెండా కావాలి. సారు దగ్గరికెళ్లాను. "ప్రసాదు వాళ్లు చర్చికి పోతారు కదా సార్, జెండాకు దండం పెట్టరంట" అన్నాను. పచ్చి అబద్ధం. సారు వాణ్ణి అడగనైనా అడగలేదు, మర్నాడే వేషాలు మార్చేశారు. అంత తేలిగ్గా ఎలా నమ్మారు? ఇలా అడిగి తప్పు ఆయన మీదికి తోస్తున్నానేమో. లేదు, ఆ మాట అన్నది నేనే.

"సార్ నన్నెందుకు మార్చినాడబ్బా?" అన్నాడు ప్రసాదు.

"నీ ఇంగ్లీషు బాగుండాదంటప్పా. దొరకు ఇంగ్లీషు రావల్ల కదా."

"అట్లనా!" వాడి మొహం వెలిగిపోయింది. వీరుడి వేషానికని వాళ్ల నాయన కుట్టించిన తెల్లటోపీ తీసి నా తలకు పెట్టాడు. "నాకింక యాడ పనికొస్తాది? నువ్వు పెట్టుకో."

నాకది సరిగ్గా సరిపోయింది.

నాటకం రోజు ప్రసాదు నల్లటి మొహానికి డబ్బాడు పౌడరు పూశారు. చెమటకు దొర చారలు చారలుగా కారిపోయాడు. అయినా వాడు ఇంగ్లీషులో ఉరిమితే స్కూలంతా పడీపడీ నవ్వింది. జెండాతో చచ్చిపడున్న నా వంక ఒక్కరూ చూడలేదు. మా అవ్వ కూడా ఇంటికొచ్చి, "ఆ దొర బలే చేసినాడప్పా" అంది! నవ్వనిది ప్రసాదు వాళ్ల నాయన ఒక్కడే. ముందు వరసలో కూర్చుని నా తల మీది టోపీనే చూస్తున్నాడు.

అప్పట్నుంచీ ప్రసాదు అందరికీ దొరే. ధర్మవరంలో టీచరయ్యాక పెళ్లిపత్రికలో కూడా పేరు పక్కన 'దొర' అని వేయించుకున్నాడు.

మొన్న పంద్రాగస్టుకి చెప్పేద్దామని హిందూపురంలో మా అంగడి ఫోన్ నుంచి వాడికి చేశాను. "ప్రసాదూ" అన్నాను.

"ఎవురండీ మాట్లాడేది?"

"నేనేలే దొరా" అన్నాను.

"నువ్వా! పేరు పెట్టి పిలిస్తే ఎవురో ఆఫీసోళ్లనుకుంటి కదబ్బా!" ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. చెప్పలేదు.

వాడికి చెప్పాల్సింది మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. టోపీ మాత్రం ఇంకా నా బీరువాలోనే ఉంది.