ఇంటోళ్ళకు పిలుపెందుకు

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. దగ్గరి చుట్టం ఒక్కడు సరైన కుర్చీలో కూర్చుని ఉంటే చాలు, మనిషికి ఈ లోకంలో ఏ పనీ ఆగదని. హనుమకొండలో గ్యాస్ కనెక్షన్ నుంచి కాలేజీ సీటు దాకా అన్నీ అలా జరగడం చూసి పెరిగినవాణ్ణి మరి. అందుకే ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్‌లో మాస్టర్స్ చదువుతున్న ఏడాది, మా యూనివర్సిటీ జట్టు భవిష్యత్తును తేల్చే కమిటీలో మా చిన్నాయన ఉన్నాడని తెలిసినప్పుడు కాలర్ ఎగరేసుకుని తిరిగాను. (కోటు మీద కోటు వేసుకునే ఆ ఊళ్ళో కాలర్ కనపడేది కాదు. అయినా ఎగరేశాను.)

అది మామూలు ఫుట్‌బాల్ జట్టు కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. నేను ఆ ఆట ఆడానంటే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. హెల్మెట్ పెట్టుకున్న ఫొటో చూపిస్తే మా అమ్మాయి, "డాడ్, దట్ కుడ్ బి ఎనీవన్" అంటుంది. నా పని నిజానికి చిన్నదే. భారీ మనుషులు రెండు వైపుల నుంచి వచ్చి ఒకరినొకరు కుమ్ముకుని, అంతా సద్దుమణిగాక, బయటి నుంచి ఒక సన్నటి మనిషి వచ్చి బంతిని రెండు కర్రల మధ్య నుంచి తన్ని వెళ్ళిపోవాలి. ఆ సన్నటి మనిషిని నేను. ఆ భారీ మనుషుల్లో అందరికంటే భారీగా ఉండేవాడు మా కెప్టెన్, యార్క్‌షైర్ కుర్రాడు, తలుపులోంచి పక్కకు తిరిగి రావలసిన మనిషి. మేం తెలుగు పిల్లలం అతన్ని పహిల్వాన్ అని పిలుచుకునేవాళ్ళం. అతనికి చదువు ఆఖరి సంవత్సరం. నాది మొత్తం చదువే ఒక్క సంవత్సరం. సీజన్ చివర జరిగే పెద్ద ఆటలో ఒక్కసారైనా ఆడాలని అతనికి ఎంత కోరికో నాకూ అంతే. ఆ ఏడు పోతే ఇద్దరికీ మళ్ళీ లేదు.

ఇక్కడ కొంచెం చెప్పాలి. అమెరికాలో కాలేజీ జట్లకు సీజన్ అయ్యాక బౌల్ గేమ్‌లని ఉంటాయి. ఆడినవాటిలో సగమైనా గెలిస్తే అర్హత వస్తుంది గాని, పిలుపు వస్తుందని లేదు. ఆట జరిపేవాళ్ళు ఏ రెండు జట్లు తలపడితే బాగుంటుంది, ఎవరి వెంట జనం ఎక్కువగా వస్తారు అని చూసుకుని పిలుస్తారు, అచ్చం మనం పెళ్ళి పిలుపులు ఆలోచించుకున్నట్టే. మా కోచ్ అమెరికా ఆయన. ఆయనలాంటివాళ్ళు నలుగురు కలిసి చిన్న జట్ల కోసం ఆ పద్ధతినే ఇక్కడికి దించారు. ఆట లండన్ శివారు ఇల్ఫర్డ్ దగ్గరి మైదానంలో. ఒక చోటు లండన్ జట్టుకు ముందే ఖాయమైంది. రెండో చోటుకు మేము, ఎక్కడో పైన స్కాట్లాండ్‌లోని గ్లాస్గో మిగిలాం. గెలుపులు ఇద్దరికీ సమానం. పైగా గ్లాస్గోను వాళ్ళ వానలో, వాళ్ళ బురదలో మేమే ఓడించాం, అదీ నా కాలితో. న్యాయం మావైపుంది, చుట్టరికమూ మావైపే ఉంది.

జనం సంగతి కూడా నేనే చూసుకున్నాను. మా ఆఖరి ఆటకు కమిటీవాళ్ళు వస్తారని తెలిసి, షెఫీల్డ్‌లో ఉన్న తెలుగు పిల్లలందరినీ పులిహోర ఆశ చూపి మైదానానికి తోలుకొచ్చాను. వాళ్ళకు ఆట అర్థం కాలేదు. బంతి కదిలినప్పుడు పులిహోర తిన్నారు, అందరూ నిలబడిపోయి మాట్లాడుకుంటున్నప్పుడు ఈలలు వేశారు. మా ఫ్లాట్‌మేట్ అయితే, "ఓవర్ అయిపోయినట్టుందిరా, కొత్తోన్ని దించుతున్నరు" అని పక్కవాళ్ళకు వివరించాడు. ఏమైతేనేం, చప్పుడు మాత్రం బాగా వచ్చింది.

చిన్నాయన ఆ కమిటీలోకి ఆట తెలిసి వెళ్ళలేదు. ఇల్ఫర్డ్‌లో ఆయనకు టేక్‌అవే తిండి కొట్టు ఉంది, పెళ్ళిళ్ళకు కేటరింగ్ చేస్తాడు. పెద్ద ఆట రోజు ఆటగాళ్ళకూ చూసేవాళ్ళకూ భోజనం నేను పెడతానన్నాడు గనుక ఒక కుర్చీ ఇచ్చారు. మిగతా రెండు కుర్చీల్లో లీగ్ సెక్రటరీ మేడం, మైదానం చూసుకునే ఆయన. నేను ఫోన్ చేస్తే చిన్నమ్మ ఎత్తి, "చేతిలున్నదాన్ని నీకియ్యక ఎవలికిస్తడురా మీ చిన్నాయన. సప్పుడు జేయక సదువుకో" అంది. ఆ మాట పహిల్వాన్‌కు చేరవేశాను. అది తప్పు కాదా అని అతను అమాయకంగా అడిగాడు. మా దగ్గర అదే పద్ధతని ధైర్యం చెప్పాను. మర్నాటి నుంచి అతను బూట్లకు పాలిష్ పెట్టడం మొదలుపెట్టాడు.

కమిటీ కూర్చున్న సాయంత్రం చిన్నాయనే ఫోన్ చేశాడు.

"ఏంరా, తిన్నవా?"

"తిన్న చిన్నాయనా. ఏమైంది?"

"ఏమైతది. మేడం మీ దిక్కన్నది, గ్రౌండాయన గ్లాస్గో అన్నడు. నా మీదికొచ్చింది. గ్లాస్గోకిచ్చిన."

"మేం వాళ్ళను ఓడగొట్టినం గద చిన్నాయనా."

"మేడం గూడ అదే చెప్పింది. గాని అంత దూరంకెళ్ళి వస్తున్నరు వాళ్ళు. నువ్వేమో నా అన్న కొడుకువైతివి. ఇంటోళ్ళను ముందుగల్ల కూసోబెట్టి వచ్చినోళ్ళను నిలబెడ్తమా? ఇంటోళ్ళం గద, మనం ఆఖర్ల తింటం."

"ఇది తిండి కాదు, ఆట."

"ఏదైతేంది. ఇగో, ఆటున్న శనివారం నాకు మనుషులు తక్కువున్నరు. మీ పోరగాళ్ళను తోల్కరా, వడ్డియ్యాలె."

లోకంలో అందరి చిన్నాయనలూ తమవాళ్ళకు ఇప్పించుకుంటుంటే, నాకు దొరికినాయన తనవాణ్ణని చెప్పి తీసేశాడు. ఈ సంగతి పహిల్వాన్‌కు ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పినంత చెప్పాను. అతను పాలిష్ డబ్బీ మూత పెట్టి బ్యాగులో పడేశాడు. ఆ మూత చప్పుడు నాకు తిట్టులా వినిపించింది. వడ్డనకు ఎవరూ రారనుకున్నాను. శనివారం పొద్దున బస్ స్టేషన్‌లో అందరికంటే ముందు వచ్చి నిలబడ్డది అతనే.

చిన్నాయన అతని నడుముకు ఆప్రాన్ చుట్టబోతే ముడి పడలేదు, రెండు ఆప్రాన్‌లు కలిపి కట్టాడు. "ఏస్కో" అనే ఒక్క మాట నేర్పి, చేతికి గరిటె ఇచ్చి పంపాడు. పహిల్వాన్ గ్లాస్గో వాళ్ళ ముందుకు వెళ్ళి ఆ గొంతుతో "ఏస్కో" అంటే వద్దనే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. ఆట సగంలో గ్లాస్గో తన్నుడుగాడు బంతిని కర్రల పక్క నుంచి తన్నాడు. కూర పులుసు, అదే సాల్నా, బకెట్‌తో నిలబడి చూస్తున్న నా కాలు దానంతట అదే లేచింది. సాల్నా కొంత మేడం బూట్ల మీద పడింది. పాపం, మాకు ఓటేసిన మనిషి.

అందరూ తిని వెళ్ళాక మమ్మల్ని కూర్చోబెట్టి చిన్నాయన తనే వడ్డించాడు. గుండిగ అడుగున మంచి ముక్కలన్నీ మాకోసం దాచి ఉంచాడు. "తిను బిడ్డా, మస్తు కష్టపడ్డవు" అంటూ పహిల్వాన్ ప్లేటు నింపాడు. అతను చాలాసేపు తిన్నాక నావైపు తిరిగి, "అయితే మీ దగ్గర సొంతవాళ్ళకు ఆఖరి కుర్చీ, మంచి ముక్క అన్నమాట" అన్నాడు. అవునన్నాను. "నాకు కుర్చీయే కావలసింది" అని, మళ్ళీ ప్లేటు ముందుకు జరిపాడు. ఖాళీ మైదానం ఎదురుగా కనిపిస్తోంది. నేను అటు చూడకుండా తిన్నాను.

చదువయ్యాక నేనూ ఈ దేశంలోనే ఉండిపోయాను. చాలా ఏళ్ళకు, మోకాళ్ళ నొప్పులొచ్చాక, చిన్నాయన ఆ రోజు వడ్డనతో పాటు ఆ కుర్చీ కూడా నాకు అప్పగించాడు. మొన్నటి సీజన్‌లో రెండో చోటుకు షెఫీల్డ్, వేల్స్‌లో ఆ చివర నుంచి ఒక జట్టు మిగిలాయి. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన అవకాశం. షెఫీల్డ్‌కు ఎందుకివ్వాలో రైల్లో కూర్చుని ఉపన్యాసమంతా సిద్ధం చేసుకున్నాను. తీరా నా వంతు వచ్చేసరికి, వాళ్ళు పాపం అంత దూరం నుంచి వస్తున్నారు, షెఫీల్డ్ మా ఇల్లు లాంటిది, ఏమీ అనుకోరు అని ఎవరో అంటున్నారు. చూస్తే నేనే.

ఇప్పుడు షెఫీల్డ్‌కు బంతి తన్నేది ఖమ్మం అబ్బాయి. ఆ సాయంత్రం ఫోన్ చేసి, "మీరుండి కూడ ఇట్లనా అంకుల్" అన్నాడు. "తిన్నవా?" అని అడిగాను. శనివారం వాడు వచ్చి, నా ముఖం చూడకుండా వడ్డించాడు. ఆఖర్న నా పక్కనే కూర్చున్నాడు. వాడి ప్లేటులో గుండిగ అడుగున దాచిన ముక్క వేశాను. వాడు మైదానం వైపు చూడకుండా తింటున్నాడు. ఆ తల వంచుకున్న తీరు నాకు బాగా తెలిసినదే. నవ్వొచ్చింది. ఇంకో ముక్క వేసి, "ఏస్కో" అన్నాను.