ఊఁ అంటే అవునని కాదు

పరిశోధనశాలలో చేరిన మూడో రోజుకే ఆవిడకి చెవులమ్మ అని పేరు పడిపోయింది. పెట్టినవాళ్ళు వెటకారంగానే పెట్టారు, ఆవిడ మాత్రం గౌరవంగా పుచ్చుకుంది. ఎందుకు పుచ్చుకోదు చెప్పండి? పంతొమ్మిదేళ్ళు నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చున్న మనిషి. "మా వీధికి నీళ్ళు రాలేదండీ" అన్న ఒక్క ముక్కతో, అవతలి మనిషి ఇప్పుడే నిద్ర లేచాడా, పొద్దుటినుంచీ బిందెలు పెట్టుకుని పడిగాపులు కాస్తున్నాడా, పక్కింటికి వస్తున్నాయన్న కడుపుమంటతో ఫోను చేశాడా అన్నది పట్టేసేది. తర్వాత ఆ బల్ల తీసేసి, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే రికార్డు గొంతు పెట్టారు. ఆవిడ మూడు నెలలు ఇంట్లో ఖాళీగా కూర్చుంది. ఇంట్లో ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడి "చెప్పండి, ఏ వీధి?" అనేది.

కొత్త ఉద్యోగమూ వినేదే. రాబోయే రోజుల్లో మనుషులు కంప్యూటర్లతో ఎలా మెలుగుతారన్నది అక్కడి పరిశోధన. మీటలు వద్దు, తెరలు వద్దు, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడితే యంత్రం అర్థం చేసుకోవాలి. దానికోసం వందలమంది మాటలు రికార్డు చేసి, ఎవరు ఏమన్నారో పొల్లుపోకుండా రాసిపెడితే, అది చూసి యంత్రం నేర్చుకుంటుంది. ఆ రాసే పని చెవులమ్మది. కిటికీ పక్కన బల్ల, చెవులకి హెడ్‌ఫోన్లు, పక్కన ఎప్పుడూ చల్లారిపోయే టీ.

ఆవిడ పైన ఒక పరిశోధకురాలు ఉండేది. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. పేరు ముందు డాక్టర్ అని ఉండటంతో క్యాంటీనులో పనిచేసేవాళ్ళు మోకాళ్ళ నొప్పులకి మందు అడిగేవాళ్ళు. "నేను ఆ డాక్టర్ని కాదండీ బాబూ" అని చెప్పి చెప్పి విసిగిపోయి, ఆఖరికి వేడినీళ్ళ కాపడం పెట్టుకోమనటం మొదలుపెట్టింది. చెవులమ్మ కూడా ఆమెని డాక్టరమ్మా అనే పిలిచేది.

గొడవ మొదటి వారంలోనే వచ్చింది. పని ఎలా చేయాలో చెప్పే కాగితంలో ఒక నియమం ఉంది. ఊఁ, ఆఁ లాంటివి చప్పుళ్ళు, మాటలు కావు, తీసేయాలి. చెవులమ్మ ఒంటికాలి మీద లేచింది.

"ఇదేం చోద్యం డాక్టరమ్మా! ఊఁ మాట కాకపోతే ఇంకేది మాట? మా ఇంట్లో కాపురమంతా ఊఁ మీదే నడుస్తోంది."

"పోనీ తీసెయ్యకు అక్కా. ఊఁ అంటే అవుననే కదా, అవునని రాసెయ్."

"ఎవరన్నారమ్మా అవునని? ఇదిగో విను. పుటుక్కున తెంపినట్టు 'ఊఁ' అంటే అవును. కాస్త సాగదీసి 'ఊఁ...' అంటే వింటున్నా, చెప్పు. చివర పైకి లేపి 'ఊఁ?' అంటే ఏంటీ, మళ్ళీ చెప్పు. ముక్కుతో అలా లాగారనుకో, కానియ్, ఇంకెంత కోస్తావో కొయ్యి అని. అన్నిటికీ అవునని రాస్తే కొంపలు మునిగిపోవూ!"

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. గబగబా ఏదో పాత రికార్డు వెతికి వినిపించింది. ఒక పెద్దాయన్ని యంత్రం "పొద్దున్న ఐదింటికి లేపమంటారా?" అని అడిగింది. ఆయన "ఊఁ..." అన్నాడు. యంత్రం అలారం పెట్టేసింది. మర్నాడు ఆయన తిట్టిన తిట్లు కూడా రికార్డులో ఉన్నాయి.

"ఆయన ఇంకా ఆలోచించుకుంటున్నాడు. ఇది ఆత్రంగా పెట్టేసింది" అంది చెవులమ్మ.

"ఆర్నెల్లుగా ఈ తప్పెక్కడుందో వెతుకుతున్నాం అక్కా" అంది డాక్టరమ్మ నెత్తిమీద చెయ్యి పెట్టుకుని. "మాటల్లో వెతికాం. అది మేం తీసిపారేసిన చప్పుడులో ఉంది."

ఆ రోజునుంచి ఆ నియమం కొట్టేశారు. ఊఁలు వింగడించి రాయటానికి చెవులమ్మకి వేరే పట్టిక ఇచ్చారు. మరి ఏ ఊఁ అన్నది యంత్రానికి తేలకపోతే ఏం చేయాలి అని డాక్టరమ్మ అడిగింది. "మళ్ళీ అడగమను. అందులో సిగ్గేముంది?" అంది చెవులమ్మ. అంత తేలికైన సంగతి తనకి తట్టనందుకు డాక్టరమ్మ రెండు రోజులు తనని తానే తిట్టుకుంది.

"ఇవన్నీ నీకెవరు నేర్పారక్కా?" అని ఒకసారి అడిగితే, చెవులమ్మ పుల్ల విరిచినట్టు చెప్పింది. "మా అత్తగారు."

అత్తగారు ముప్పై ఏళ్ళు టైపు నేర్పిన మనిషి. ఇంటి ముందు గదిలో పదకొండు మిషన్లు పెట్టి, వాటి మధ్య నడుస్తూ, తల తిప్పకుండానే "నాలుగో మిషను, ఉంగరం వేలు బద్ధకిస్తోంది" అనేవారట. అలాంటి చెవులున్న అత్తగారూ ఇలాంటి చెవులున్న కోడలూ ఒక కప్పు కింద ఉంటే ఎలా ఉంటుంది? గిన్నె పెట్టిన చప్పుడుకే గొడవ వచ్చేది. ఇరవై నాలుగేళ్ళు ఇద్దరూ ఉప్పూ నిప్పూగానే గడిపారు. చెవులమ్మ భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజన్ల రొదకి అలవాటుపడ్డవాడు కాబట్టి ఈ రొద మధ్య హాయిగా పేపరు చదువుకునేవాడు.

కిందటేడు అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేదంతా ఆవిడకి అర్థమవుతుందని పెద్దాసుపత్రిలో చెప్పారు. కానీ తల ఊపుదామన్నా అన్నిటికీ ఒకేలా ఊగుతుంది. ఎడమచేత్తో రాయిద్దామన్నా అక్షరాలు కుదురుకోవు. కాదని చెప్పే ఊహూఁ కూడా పలకదు. మిగిలింది ఒక్క ఊఁ. ఆ ఒక్కదానితోనే ఆవిడ పాలు చల్లగా ఉన్నాయని, ఫ్యాను తగ్గించమని, కోడలికి పొందిక లేదని చెప్పగలిగేవారు. మాట పోయింది గానీ గయ్యాళితనం చెక్కుచెదరలేదని చెవులమ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే ఫ్యాను తగ్గించేది.

ఒక ఆదివారం బావగారు వచ్చారు. భర్తకి అన్నగారు, వేరే ఊళ్ళో బీమా కంపెనీలో పని. మనసున్న మనిషే, కాకపోతే తొందరెక్కువ. తల్లి మంచం పక్కన కుర్చీ లాక్కుని, తానో మంచి సదనం చూశానని, నర్సులుంటారని, తోట ఉందని, తోడుకి ఆవిడ ఈడువాళ్ళుంటారని పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా చెప్పి, "వెళ్దామా అమ్మా?" అన్నారు.

"ఊఁ..." అన్నారు అత్తగారు ముక్కుతో లాగి.

"చూశావురా, అమ్మ ఒప్పేసుకుంది!" అన్నారు బావగారు తమ్ముడి వీపు చరిచి. "వచ్చే ఆదివారం కారు తీసుకొస్తాను."

"అమ్మ ఒప్పుకుంటే ఇంక నాదేముంది అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ చెవులమ్మ చెవికి ఆ ఊఁ ఇట్టే పట్టుబడింది. అది అవును కాదు. ఆవిడకి తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. కానీ ఆవిడ నోరు మెదపలేదు. ఎందుకు మెదపలేదంటే, అబద్ధం ఆడటం దేనికి, ఆ క్షణంలో ఆవిడకి ఒళ్ళంతా తేలికైపోయింది. తెల్లారి లేచి ఒళ్ళు తుడవక్కర్లేదు, పక్కబట్టలు మార్చక్కర్లేదు, ఆఫీసుకి పరుగులు పెట్టక్కర్లేదు. తను కాదనలేదు, తను పంపలేదు, ఆవిడే ఊఁ అంది. టీ గ్లాసులు బల్ల మీద పెట్టి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

సోమవారం ఆఫీసులో పని సాగలేదు. ఏ ఊఁ విన్నా అత్తగారి ఊఁలాగే ఉంది. మంగళవారం రాసిన పట్టిక నిండా తప్పులే. బుధవారం డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుని "ఏమైందక్కా?" అనగానే చెవులమ్మ భోరున ఏడ్చేసింది. జరిగిందంతా చెప్పింది.

"ఊరంతటి ఊఁలకీ అర్థాలు రాస్తున్నాను. ఇంట్లో ఊఁ దగ్గరికొచ్చేసరికి చెవిటిదాన్నైపోయాను డాక్టరమ్మా."

"మరి చెప్పెయ్యక్కా, బావగారికి."

"చెప్తే నమ్మాలిగా! అత్తాకోడళ్ళ సంగతి ఊరందరికీ తెలుసు. ఉంచుకుంటానని నేనంటే, దీనికేదో లాభం ఉందనుకుంటారు."

గురువారం సాయంత్రం డాక్టరమ్మ అరచేతిలో పట్టే పెట్టె ఒకటి పట్టుకుని ఇంటికొచ్చింది. దానికి చిన్న తెర ఉంది. మన ఊఁ వింటే అది ఏ ఊఁ అనుకుంటోందో తెరమీద రాస్తుంది, విన్నది దాచుకుని మళ్ళీ వినిపిస్తుంది. అత్తగారి గొంతు రికార్డు చేయాలంటే ముందు అత్తగారే ఒప్పుకోవాలి కదా. డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని అంతా వివరించి, "రికార్డు చేయమంటారా అమ్మా?" అంది.

"ఊఁ?"

"ఏంటీ, దీనివల్ల నాకేంటి అంటున్నారు" అంది చెవులమ్మ.

డాక్టరమ్మ ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. మీ మాట మీరే చెప్పుకోవచ్చు, ఎవరో మీ తరఫున చెప్పక్కర్లేదు అంది. అత్తగారు కోడలి వంక చాలాసేపు చూసి, పుటుక్కున "ఊఁ" అన్నారు. "ఇప్పుడు అవునన్నారు" అంది చెవులమ్మ.

ఆదివారం కారు వచ్చింది. బావగారు హుషారుగా లోపలికొచ్చి బట్టలు సర్దారా లేదా అని అడుగుతుంటే, చెవులమ్మ డాక్టరమ్మ ఉంచి వెళ్ళిన పెట్టెని అత్తగారి మంచం మీద పెట్టి, ఎదురొచ్చి నిలబడింది.

"బావగారూ, బయల్దేరే ముందు అత్తయ్యని ఇంకోసారి అడగండి. ఈసారి ఒక్కొక్కటే అడగండి. అడిగాక కాసేపు ఆగండి."

"అడిగాం కదమ్మాయ్!" అంటూనే ఆయన కుర్చీలో కూర్చున్నారు. "అమ్మా, సదనానికి వెళ్దామా?"

"ఊఁ..."

"ఇంక చాలా?"

"రెండోది కూడా అడగండి. ఇక్కడే ఉంటావా అని."

"ఇక్కడే ఉంటావా అమ్మా?"

"ఊఁ."

బావగారు పకపకా నవ్వారు. "రెండిటికీ ఊఁ అనే అంది. ఏం తేలినట్టు?" భర్త వంగి పెట్టె తెర చూశాడు. మొదటిదానికి 'కానియ్, కొయ్యి' అని, రెండోదానికి 'అవును' అని ఉంది. బావగారి మొహం ముడుచుకుపోయింది. "దీనికి నేర్పిందెవరు? నువ్వేగా అమ్మాయ్. నువ్వు చెప్పిందే అదీ చెప్తుంది."

"నిజమే" అంది చెవులమ్మ. పెట్టెని తిప్పి తెర కనపడకుండా బోర్లించింది. "దాన్ని నమ్మకండి. నన్నూ నమ్మకండి. మీ అమ్మ గొంతు, మీ చెవులు. వినండి."

రెండు ఊఁలూ ఒకదాని తర్వాత ఒకటి వినిపించింది. ఆయన విసుగ్గా తల ఊపారు. మళ్ళీ వినిపించింది. మూడోసారి మొదటి ఊఁ దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు. ఇంకోసారి అదొక్కటే పెట్టమన్నారు. వింటూ వింటూ యాభై నాలుగేళ్ళ మనిషి పదిహేనేళ్ళ వాడిలా అయిపోయారు.

"ఒరేయ్ తమ్ముడూ, ఇది... సినిమాకెళ్ళొచ్చి స్పెషల్ క్లాసు ఉందని చెప్పేవాణ్ణి చూడు, అప్పుడనే ఊఁ కదరా ఇది!"

"తర్వాత నీ వీపు పగిలేది" అన్నాడు తమ్ముడు.

అత్తగారి మూతి ఎడమ పక్కకి సాగింది, నవ్వే. బావగారు మాత్రం నవ్వలేదు. కుర్చీ దిగి మంచం పక్కన నేలమీద చతికిలబడ్డారు. "ఆ రోజున తోటా, నర్సులూ అని నేను చెప్తుంటే... నన్ను కొయ్యనిచ్చావా అమ్మా? నీకు ఇక్కడే ఉండాలని ఉందా?"

"ఊఁ" అన్నారు అత్తగారు. పెట్టె వంక ఎవరూ చూడలేదు.

బావగారు కళ్ళు తుడుచుకుంటూ బయటికెళ్ళి కారు పంపించేశారు. లోపలికొచ్చి, ఇకనుంచి నెలకి నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చి తానే చూసుకుంటానని, కోడలు ఒక్కతే ఎంతకని చేస్తుందని తమ్ముడి మీద ఎగిరారు. ఆ మాటతో చెవులమ్మకి దుఃఖం ఆగలేదు.

"అత్తయ్యా, పోయిన ఆదివారం మీరు అవునన్లేదని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. మీరు వెళ్ళిపోతే బాగుండుననుకున్నాను."

అత్తగారు ఆవిడ మొహంలోకి చూసి, మెల్లగా, బరువుగా "ఊఁ" అన్నారు.

"అది ఏ ఊఁ అమ్మాయ్?" అన్నారు బావగారు.

"తెలుసు అంటున్నారు బావగారూ. నేను గుమ్మంలో నిలబడి మాట్లాడకుండా ఉండటం ఆవిడ చూశారు."

అత్తగారు ఎడమ చేత్తో కోడలి కొంగు పట్టుకుని లాగారు. అవస్థపడుతూ మంచం మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చారు. తుడిచే పనీ తినిపించే పనీ లేకుండా, ఊరికే చెవులమ్మ ఆ మంచం మీద కూర్చోవటం అదే మొదటిసారి.