సీటు దొరికిందా?

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని రోజుల్లో, అన్నీ తెలుసన్న నమ్మకం ఒక్కటే నా ఆస్తి. (తర్వాత పత్రికలో చేరాక, ఎడిటరుగారు నా పేరాలతో పాటు దాన్నీ కొట్టేశారు.) అప్పట్లో హోసూరులో ఒక ట్రస్టు ఉండేది. ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని ఆడపిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్పించి, కాలేజీలో చేరితే ఫీజు కట్టేది. ఆ పథకం వల్ల ఫలితం ఉందో లేదో ఊళ్లలో విచారించి రమ్మని నన్ను పంపారు. ఫలితం లేదంటే ఈ ఏటితో ఆపేస్తామని ట్రస్టు మేనేజరు ముందే చెప్పాడు.

బేరిగైలో నేను వెళ్లిన మొదటి ఇంట్లో ఒకామె టమాటాలు ఏరి క్రేట్లలో పోస్తోంది. పెద్దకూతురు ఈ పథకంలో చదివిన పిల్ల. చిన్నది ప్లస్ టూ ముగించి, తననూ తీసుకుంటారా అని నా మొహంకేసే చూస్తూ కూర్చుంది. బస్సులో ఊపిరాడలేదనీ, హోసూరు నుంచి నిలబడే వచ్చాననీ కాసేపు మాట కలిపి, అసలు సంగతికి వచ్చాను. పెద్దమ్మాయికి సీటు దొరికిందా అని అడిగాను.

"యాడ దొరుకుతుందప్పా. దినమూ నిలబడుకునే," అంది తల్లి.

పాపం, రోజూ కాలేజీ ఆఫీసు ముందు నిలబడుతోంది కాబోలనుకున్నాను. ఒక్కసారైనా రాలేదా అన్నాను.

"పోయిన వారం ఒకటి దొరికినాది. ఎవరో ముసిలామె వస్తే ఇచ్చేసినాది. దాని గుణమే అంత."

ఆ వయసులో కాలేజీలో చేరిన ముసలామె ఎవరో, ఆ సీటు మార్పిడి వెనక ఎవరున్నారో, మొదటి పేజీ వార్తగా అప్పుడే కళ్ల ముందు కదలసాగింది. ఇలాగైతే పథకం ఆపక తప్పదేమో అని పైకే అనేశాను. చిన్నపిల్ల మొహం వాడిపోయింది. తల్లి చేతిలో టమాటా చేతిలోనే ఆగిపోయింది.

అంతలో సాయంత్రం బస్సు దిగి పెద్దమ్మాయి వచ్చింది. మెడలో కాలేజీ ట్యాగు. సీటు రాలేదట కదా అన్నాను.

"కాలేజీలో పోయినేడే వచ్చినాదన్నా. బస్సులోనే యాడా రాదు."

తల్లి నన్ను కిందా మీదా చూసింది. "నువ్వు బస్సు సంగతే గదప్పా మాట్లాడతా ఉండావు? కాలేజీ సీటు ముసిలామెకి ఎవరన్నా ఇస్తారా? నువ్వు యాడప్పా చదివినావు?"

తక్కిన ఇళ్లలో ముందు బస్సు సంగతి తేల్చుకుని, తర్వాతే కాలేజీ గురించి అడిగాను. పిల్లలకు సీట్లు వచ్చాయనీ, బస్సే చాలడం లేదనీ రాసిచ్చాను. మేనేజరు నవ్వి, పథకం ఆపకుండా, కొత్త జాబితాలో బేరిగై చిన్నమ్మాయి పేరు ముందుగా చేర్చాడు.

మొన్న కృష్ణగిరి బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ఉంటే, మెడలో ట్యాగున్న ఒకమ్మాయి లేచి, "కూర్చో తాతా," అంది. అటూ ఇటూ చూశాను, తాత నేనే. కూర్చున్నాను. మొత్తానికి కాలేజీ పిల్ల సీటు ముసలివాళ్లకే దక్కింది. విచారణకు మాత్రం ఎవరూ రాలేదు.