మనకి మూడు చాలు

ముందే చెప్తున్నా, నాకు సైకిల్ తొక్కడం వచ్చు. మా ఇంట్లో ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తుండదు కాబట్టి చెప్పాల్సొస్తోంది. నలభై దాటాక నేర్చుకున్నాను. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, చీలమండ వాచింది, పక్క బ్లాకు పెద్దాయన వాకింగ్ ఆపేసి మరీ నిలబడి చూసేవాడు. చూస్తే చూశాడు, నేర్చుకున్నాను. గేర్లు మార్చడం కూడా వచ్చు.

మేం ఉండేది తెల్లాపూర్‌లో, పద్నాలుగో అంతస్తులో. మా ఆయన, నేను, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, వాడికంటే వాడి నోరే పెద్దదైన చిన్న అబ్బాయి. ఆయనదీ నాదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఆయన నానక్‌రామ్‌గూడ ఆఫీసుకి పోతారు, నాది ఎక్కువగా ఇంటినుంచే. ఇంటినుంచి పని అంటే ఎంత సుఖమో అనుకుంటారు జనం. చెవుల్లో మీటింగు, పొయ్యి మీద పప్పు, బెల్లు కొడితే కొరియరు. సాయంత్రం అయ్యాక గాని గుర్తురాదు, పొద్దుట్నుంచి గుమ్మం దాటలేదని. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఇంకో టవరు. ఆ టవర్లో సరిగ్గా మా ఎత్తునే, హెడ్‌సెట్టు పెట్టుకుని ఇంకో ఆవిడ. ఇన్నేళ్ళలో ఒకళ్ళకొకళ్ళం చెయ్యి ఊపుకున్న పాపాన పోలేదు.

మా ఇంటికి సైకిళ్ళొచ్చింది మా ఆయన షుగర్ వల్ల. డాక్టరు "బార్డర్లో ఉన్నారు, కాస్త ఒళ్ళు కదపండి" అన్నాడు. ఇంకెవరైనా అయితే నడక మొదలుపెడతారు. ఈయన పరిశోధన మొదలుపెట్టారు. ఆయనకొకటి, అమ్మాయికొకటి, అబ్బాయికొకటి, మౌంటెన్ బైకులు దిగాయి. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, చూడ్డానికి ఎంత బాగున్నాయో. మా కమ్యూనిటీలో ఎక్కి దిగడానికి స్పీడ్‌బ్రేకర్లు తప్ప కొండలెక్కడున్నాయండీ అంటే, "ముందు బండి మంచిది ఉండాలి, కొండ తర్వాత చూసుకోవచ్చు" అన్నారు. అవి బాల్కనీలో చేరి, బట్టలారేసుకునే చోటు మింగేశాయి.

నాది నేనే కొనుక్కున్నాను, పూణెకి బదిలీ అయి సామాన్లు అమ్ముకుంటున్న కింది ఫ్లాటువాళ్ళ దగ్గర. నీలం రంగుది. బాల్కనీలో చోటు లేదని బేస్‌మెంటులో పిల్లరుకి గొలుసేసి కట్టాల్సొచ్చింది. పొద్దున్నే పాలప్యాకెట్లు రాకముందే కిందికి దిగి, ప్రహరీగోడ వెంబడి తిరిగేదాన్ని. క్లబ్‌హౌస్, పార్కు, జనరేటర్ గది, మళ్ళీ క్లబ్‌హౌస్. గేటు దగ్గర నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన సెక్యూరిటీ అతను ఒకడుండేవాడు. ఒకరోజు నవ్వుతూ అడిగాడు.

"ఏంది మేడమ్, రోజూ గిట్లనే తిరుగుతరు? జర బయటికి పోరాదు?"

గానుగెద్దు అనలేదు, పాపం మర్యాదస్థుడు.

ఆ మాట మీద ఉక్రోషంతో ఒకసారి బయటికి వెళ్ళాను కూడా. గేటు దాటి కుడిపక్కకి తిరిగానో లేదో, వెనక నీళ్ళ ట్యాంకరు వాడు హారన్ కొట్టాడు. ఎదురుగా రాంగ్‌సైడులో ఇసుక టిప్పరు. దిగిపోయి, సైకిల్ని చేత్తో నడిపించుకుంటూ వెనక్కొచ్చేశాను. సెక్యూరిటీ అతను ఏమీ అనకుండా గేటు తీశాడు. అనుంటే బాగుండేది.

అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద సైకిల్ ట్రాక్ ఉందిగా అంటారు. ఎందుకు లేదూ, భేషుగ్గా ఉంది. అక్కడి దాకా వెళ్ళాలంటే ఆ ట్యాంకర్ల మధ్యనుంచే వెళ్ళాలి. అంటే మా ఏరియాలో సైకిల్ తొక్కాలంటే ముందు దాన్ని కారెక్కించాలి. అందుకే కారుకి ర్యాక్ పెట్టిద్దామన్న మాట ఇంట్లో మొదట ఎత్తింది నేనే. గోడ దాటాలంటే నాకు ఇంకో దారి లేదు.

మాట ఎత్తడమే నా వంతు. ఆ తర్వాత అది ఆయనదైపోయింది. రోజూ భోజనాల దగ్గర అదే గోల. పై కప్పు మీద పెట్టే ర్యాక్ అయితే మా బేస్‌మెంటు పైపులకి తగులుతుంది. డిక్కీకి పట్టీలతో కట్టేదయితే పెయింటు గీసుకుపోతుంది. ఇక మిగిలింది హిచ్ ర్యాక్. కారు కింద, వెనక బంపరు వెనకాల, ఒక ఇనప దూలం బిగిస్తారు. దానికి ర్యాక్ గుచ్చుతారు. ర్యాక్‌కి రెండు చేతులుంటాయి, సైకిళ్ళు వాటికి వేలాడతాయి. ఆయన ఫోన్లో వీడియోలు చూపించేవారు. ఎవరో దొరలు, ఖాళీ రోడ్లు, వెనకాల మంచుకొండలు. నేను మా ఆయన భుజం మీంచి చూస్తూ ఆ సైకిళ్ళ వరసలో నా నీలంది ఎక్కడ ఉంటుందా అని ఊహించుకునేదాన్ని. సిగ్గు లేకుండా చెప్తున్నా, ఆ రోజుల్లో మీటింగుల్లో కూడా అదే ఆలోచన.

ఒకరోజు పెరుగన్నం కలుపుకుంటూ తేల్చేశారు.

"అన్నీ చూశాను. మనకి మూడు చాలు."

"మూడేంటండీ? మనం నలుగురం కదా."

"నాలుగు సైకిళ్ళదయితే మడిచినా పార్కింగులో పసుపు గీత దాటుతుంది. అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరు. అయినా నీకెందుకు? సైకిళ్ళ మీద కొండ దిగేటప్పుడు ఎవరో ఒకరు బండి కింద దాకా తేవాలి కదా. నువ్వు డ్రైవింగ్ బాగా చేస్తావు."

చూశారా, పొగుడుతూనే పని అంటగట్టేశారు. మా అమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తకుండా, "అమ్మా, నీకు భయం కదా" అంది. మా వాడైతే, "అమ్మ పులిహోర తెస్తుంది" అని నా ఉద్యోగం ఖాయం చేసేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మేం ముగ్గురం తొక్కుతాం, నువ్వు కార్లో రా" అని ఉంటే అదో లెక్క. మేం అంటే ఎదుటి మనిషి అందులో లేదని ఎదుటి మనిషికి తెలుస్తుంది, కొంగు బిగించి పోట్లాడొచ్చు. ఈయన మనం అన్నారు. కలుపుకున్నట్టే కలుపుకుని, లెక్క దగ్గరికొచ్చేసరికి నన్ను తీసేశారు. దీనిమీద ఏమని పోట్లాడను? కంచాలు తీసి సింకులో పడేశాను, కాస్త గట్టిగానే. "చెయ్యి జారిందా?" అన్నారు ఆయన.

ర్యాక్ బిగించే షెడ్డు లింగంపల్లి అవతల. అక్కడైనా తేల్చుకుందామని నేనూ వెళ్ళాను. దారిలో నల్లగండ్ల దగ్గర అరగంట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ముందు బస్సు, వెనక బస్సు, పక్కన డివైడరు. ఆయన స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు. నేను నోరు విప్పుదామనుకున్నాను. ఇక్కడ గొడవ మొదలైతే దిగిపోవడానికి కూడా లేదని మళ్ళీ మూసుకున్నాను.

షెడ్డతనికి ముందు అర్థం కాలేదు. "ట్రాలీ గిట్ల గుంజుతరా సార్?" అన్నాడు. సైకిళ్ళు అని మా ఆయన ఫోటోలు చూపించాక తల ఊపాడు. అప్పుడు నేనే అడిగాను.

"నాలుగు పట్టేది లేదా బాబూ?"

అతను మా ఆయన వైపు తిరిగి జవాబు చెప్పాడు. "నాలుగుది ఉన్నది సార్. గానీ మీ బండికి వద్దు. ఎన్కకు బరువు పడ్తది, రోజూ పరేషానే. మూడుది పెట్టుకోన్రి, ఫికర్ ఉండది."

అడిగింది నేను. చెప్పింది ఆయనకి. పసుపు గీతంటే అసోసియేషన్ మీటింగులో అరిచి సాధించుకోవచ్చు, బండి మొయ్యలేనంటే ఇంకేముంది? ఆ షెడ్డులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, బంపరు విప్పుతుంటే చూస్తూ, నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కంట్లో దుమ్ము పడిందన్నాను. దుమ్ముకి కరువు లేదు కాబట్టి నమ్మారు.

బిగించడం అయ్యాక అతను చూపించాడు. సైకిళ్ళు ఎక్కిస్తే నంబరు ప్లేటు కనబడదు, చలానా పడుతుంది, అందుకని ఇంకో ప్లేటు ర్యాక్‌కి తగిలించాలి. సైకిళ్ళుండగా డిక్కీ తెరుచుకోదు, సామాన్లు ముందే సర్దుకోవాలి. ఆఖర్న ఇంకోమాట అన్నాడు.

"లోపటిది ముందుగాల ఎక్కియ్యాలె సార్, దిగుడు ఆఖరికి. నడుమల తీస్తనంటే రాదు. అన్నీ దించాలె."

మా ఆయన బిల్లు చూసుకుంటున్నారు. నేను విన్నాను.

ఆ ఆదివారమే అనంతగిరి అన్నారు. శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్, అక్కడ్నుంచి కొండ. పైన సైకిళ్ళు దించి వాళ్ళు ఘాట్ రోడ్డు మీద దిగుతారట, నేను కారు తెచ్చి కింద వాళ్ళని, సైకిళ్ళని ఎక్కించుకోవాలట. ముందురోజు సాయంత్రం బాల్కనీలోవి సర్వీసు లిఫ్టులో దించి, నా దాని పక్కనే పిల్లరుకి ఆనించి పెట్టారు. నేను పులిహోర కలిపాను. చింతపండు కాస్త ఎక్కువే పడింది.

పొద్దున్నే, "డిక్కీ సర్దాలి, తాళం ఇవ్వండి" అని అందరికంటే ముందు దిగాను. అబద్ధం కాదు, సర్దాను. క్యారేజీ, నీళ్ళు, తువ్వాళ్ళు పెట్టి డిక్కీ మూశాను. గొలుసు విప్పి నా నీలందాన్ని ఎత్తాను. చచ్చే బరువు. మొదటిసారి హ్యాండిల్ తిరిగి నా పొట్టలో పొడిచింది. రెండోసారి ఎక్కింది. లోపలిది, ముందుగా ఎక్కాల్సింది. తర్వాత అమ్మాయిది ఎత్తుతుంటే లిఫ్టు తలుపు తెరుచుకుంది. అమ్మాయే. నన్ను చూసింది, ర్యాక్ చూసింది, పిల్లరు చూసింది.

"అమ్మా, నాన్నది?"

"అదిగో, ఉందిగా అక్కడ."

ఎంతసేపు చూసిందో. నేను దాని మొహం వంక చూడలేదు. అది ఫోను జేబులో పెట్టుకుని వచ్చి సైకిల్ రెండోవైపు పట్టుకుంది. "పట్టీ నేను బిగిస్తాలే, నీకు గోళ్ళు విరుగుతాయి" అంది. తమ్ముడిది కూడా ఇద్దరం కలిసే ఎక్కించాం.

మా ఆయన అబ్బాయితో దిగారు, అప్పుడే హెల్మెట్ పెట్టేసుకుని, చేతిలో కాఫీ ఫ్లాస్కుతో.

"నాదేది?"

"మూడే పడతాయి కదండీ."

"అదే, మరి నాది?"

"ఎవరో ఒకరు బండి కింద దాకా తేవాలి కదా. మీరు డ్రైవింగ్ బాగా చేస్తారు." పట్టీ ఇంకోసారి లాగి చూశాను. "మనకి మూడు చాలు."

ఆయన ర్యాక్ దగ్గరికెళ్ళి నా సైకిల్ సీటు పట్టుకుని లాగారు. కదలలేదు. అది తియ్యాలంటే అబ్బాయిది దించాలి, అమ్మాయిది దించాలి. "నాన్నా, నాది తియ్యొద్దు!" అని మావాడు గగ్గోలు. ఇంతలో వెనక స్లాటులో కారు రివర్సు లైటు వేసి హారన్ కొట్టింది. ఆయన సీటు వదిలేశారు.

"ముందే చెప్పొచ్చుగా" అన్నారు.

"చెప్పానండీ" అన్నాను.

శంకర్‌పల్లి దాటేదాకా ఆయన హెల్మెట్ తియ్యలేదు, అలాగే నడిపారు. నాకు నవ్వొస్తోంది, భయమేస్తోంది, మధ్యమధ్యలో జాలి కూడా.

కొండ మీద సైకిళ్ళు దించాం, నాది ఆఖరికి. అప్పుడు ఆయన తన హెల్మెట్ తీశారు. తీసి నా తలకి పెట్టారు, గడ్డం కింద పట్టీ బిగించారు. గోడ లోపలే తిరిగేదానికి ఎందుకులే అని నేనెప్పుడూ హెల్మెట్ కొనుక్కోలేదు. "రెండు బ్రేకులూ కలిపి పట్టు, ముందుది ఒక్కటీ పట్టకు" అన్నారు. పిల్లలు అప్పటికే మలుపు దగ్గర నిలబడి నాకోసం చూస్తున్నారు. రోడ్డు కిందికి వంకర్లు తిరుగుతూ పోతోంది. పక్కన గోడ లేదు.

ఆయన కారు తలుపు తీసి, సగం లోపల, సగం బయట ఉండి అడిగారు, కారు నడిపేది నేనే అనుకున్నన్నాళ్ళూ నేను అడగాల్సొస్తుందనుకున్న ప్రశ్న.

"నన్ను ఎక్కడ ఆగమంటావు?"

"మేం ఆగిన చోట ఆగండి" అన్నాను.

అని, బ్రేకులు వదిలేశాను.